రికార్డుకెక్కని మాట

పాయింట్ క్లెమెంట్
10 ఫిబ్రవరి 2015

ఒనీటా,

అయిదేళ్ళ తరవాత రాస్తున్నాను. క్షేమసమాచారాలు అడగను. నువ్వు క్షేమంగానే ఉంటావని నాకు తెలుసు. నేను క్షేమంగా ఉండాలని నువ్వు కోరుకోవని కూడా తెలుసు. ఫోను చేస్తే నా గొంతు వినగానే పెట్టేస్తావు. ఉత్తరమైతే చించేముందు ఒకసారి చదువుతావు.

నిన్న సమన్లు వచ్చాయి. ఏప్రిల్ పదహారున ఫెడరల్ కోర్టులో నేను సాక్ష్యం చెప్పాలి. ఎజెల్ మబ్రీ కేసు. మర్చిపోయానని మాత్రం అనకు. 1992 మార్చి, మన నెటిల్స్ కౌంటీ కోర్టు. పెట్రోలు బంకు డాసెట్‌ని కాల్చి చంపాడని మబ్రీ మీద కేసు. ముద్దాయి నల్లజాతివాడు, జ్యూరీలో పన్నెండుమందీ తెల్లవాళ్ళు. మరణశిక్ష వేసిన జడ్జి మీ ఆయన థర్మన్ హార్జిస్. ఆయన కాళ్ళ దగ్గర చిన్న మీటల మిషను పెట్టుకుని ప్రతి మాటా దించిన స్టెనోని నేను.

ఇరవైమూడేళ్ళుగా మబ్రీ లాయర్లు ఒకటే మొత్తుకుంటున్నారు, నల్లవాళ్ళని జ్యూరీలోంచి ఏరి ఏరి తీసేశారని, జడ్జి అందుకు చేయూతనిచ్చాడని. రాష్ట్ర కోర్టులు రెండుసార్లు రికార్డు తిరగేసి, ఇందులో అలాంటి మాటే లేదని కొట్టేశాయి. స్టెనోని పిలిచి అడగండి మహాప్రభో అంటే పిలవలేదు. ఫెడరల్ కోర్టు కూడా మామూలుగా అయితే కొత్తగా ఎవరినీ అడగదు. రాష్ట్రం కట్టగట్టి పంపిన కాగితాలు చదువుతుంది. ఆ కాగితాల్లో లేనిది లోకంలో జరగనట్టే. ఈసారి దొరికిన జడ్జి మాత్రం, రాసినవాణ్ణి అడక్కుండా రికార్డు సమగ్రంగా ఉందని ఎలా తేల్చారని రాష్ట్రాన్ని నిలదీసిందట. ఒక్కరోజు విచారణ పెట్టింది. ఇది పోతే మబ్రీకి తట్టడానికి ఇంకో తలుపు లేదు. తరవాత ప్రాణం తీసే సూదిమందే.

నేను ఏం చెప్పబోతున్నానో నీకు ముందే చెప్తున్నాను. వేరేవాళ్ళ నోట వినడం నీకు మర్యాద కాదు. మబ్రీ లాయరు లేచి, ఏడో నల్లమనిషిని కూడా తీసేస్తున్నారేమిటని అభ్యంతరం చెప్పాడు. మీ ఆయన కళ్ళద్దాలు తీసి బల్లమీద పెట్టాడు. ఆయన కళ్ళద్దాలు తీస్తే నేను మీటల మీంచి చేతులు తియ్యాలి. పదకొండేళ్ళుగా మా మధ్య అదే ఏర్పాటు. లాయర్లిద్దరినీ దగ్గరికి పిలిచి ఇలా అన్నాడు: "వాళ్ళవాళ్ళు ఇద్దరు ఈ జ్యూరీ పెట్టెలో మిగిలారంటే ఈ కేసు తెగదు. జూన్‌లో నాకు ఎన్నికలున్నాయి. కానివ్వండి." మళ్ళీ కళ్ళద్దాలు పెట్టుకున్నాడు. "అభ్యంతరం తోసిపుచ్చడమైనది" అని నేను దించాను.

ఆ లాయర్లిద్దరూ పోయారు. మీ ఆయనా పోయాడు. మిగిలింది నేను.

ఆర్లిస్


గిల్‌మర్
17 ఫిబ్రవరి 2015

అన్నయ్యా,

ఆ పిలుపు అలవాటు కొద్దీ రాశాను. నిన్ను అలా పిలవడానికి నాకిప్పుడు కారణమేదీ కనిపించడం లేదు.

ఆయన బతికున్నన్నాళ్ళూ నీ నోరు ఎక్కడ పెట్టుకున్నావు? అయిదేళ్ళు ఆగి, జవాబు చెప్పలేని మనిషి మీద చెప్తున్నావు. ఆ రికార్డు ఆఖరి పేజీలో "ఇది సత్యము, సమగ్రము" అని రాసి, కింద సంతకం పెట్టింది ఎవరు? నేను కాదు. ఆయనా కాదు. ఆర్లిస్ ప్రూయెట్. ఇప్పుడు అది అబద్ధమంటావు. అప్పుడు అబద్ధమాడినవాడు ఇప్పుడు మాత్రం నిజం ఎందుకు చెప్తాడని అడిగితే ఏం చెప్తావో బాగా ఆలోచించుకో.

చర్చిలో నా పక్కన కూర్చునేది ఎవరో తెలుసా? డాసెట్ భార్య. ముప్పైనాలుగేళ్ళకి విధవయింది. ఆ మబ్రీ గురించి నువ్వు అంత పొడుగున రాశావు. ఆవిడ గురించి ఒక్క ముక్క రాయలేదు.

నీ బాధ ఏమిటో నాకు తెలుసులే. మే నెలలో కోర్టు కొత్త భవనానికి ఆయన పేరు పెడుతున్నారు. అది నీ చెవిన పడింది. దానికితోడు, ఆయన అంత్యక్రియల్లో నిన్ను మూడో వరసలో కూర్చోబెట్టామని అయిదేళ్ళుగా కడుపులో పెట్టుకున్నావు. కుర్చీ కోసం ఒక మనిషి పరువు తీసేవాడివి నువ్వొక్కడివే ఉంటావు.

అమ్మ ఆఖరి రోజుల్లో పక్కగదిలో కూర్చుని రోము చరిత్ర చదువుకున్నావు. దుప్పటి మార్చడానికి ఒక చెయ్యి సాయం చెయ్యమంటే "ఈ అధ్యాయం అయిపోనీ" అన్నావు. చక్రవర్తుల పాపాలన్నీ నీకు కంఠతా వచ్చు. నీవి మాత్రం గుర్తుండవు.

ఒనీటా


పాయింట్ క్లెమెంట్
26 ఫిబ్రవరి 2015

శ్రీమతి హార్జిస్ గారికి,

మూడో వరస సంగతి నువ్వే ఎత్తావు కాబట్టి చెప్తున్నాను. నా పక్కన కూర్చున్నది శవపేటికలు అమ్మేవాడు. ప్రార్థన మధ్యలో నా చెవిలో "ఓకు చెక్క సార్, గట్టి సరుకు" అన్నాడు. ఆ రోజు విన్నవాటిలో నిజమైన మాట అదొక్కటే.

మీ ఆయన్ని నేను ద్వేషించానా? ద్వేషించాను. దాచను. నువ్వు పెళ్ళి చేసుకున్న ఏడాది నుంచీ ద్వేషించాను. పదిమంది లాయర్ల ముందు నన్ను "మా మిషను" అనేవాడు. "భోజనానికి లేద్దామా, మా మిషనుకి ఆకలేస్తున్నట్టుంది!" అందరూ నవ్వేవాళ్ళు. ఇంట్లో మాత్రం "బావగారూ, ఇంకో కార్న్‌బ్రెడ్ ముక్క వేసుకోండి" అనేవాడు. ఆ రెండో గొంతంటే నాకు ఇంకా ఎక్కువ అసహ్యం.

హార్జిస్ గారి తీర్పుల భాష ఎంత బాగుంటుందో అని రాజధానిలో పెద్ద జడ్జీలు మెచ్చుకునేవాళ్ళు, గుర్తుందా? ఆ పత్రిక ముక్క నువ్వు అద్దాల చట్రంలో పెట్టించావు. ఆ మనిషి మొదలుపెట్టిన వాక్యాన్ని ఏనాడూ ముగించి ఎరగడు. కర్త ఒకచోట, క్రియ ఇంకోచోట, మధ్యలో దగ్గు. రాత్రిళ్ళు కూర్చుని వాటికి తలా తోకా అతికించింది నేను. ఆయన గొప్ప భాష నాది. నేను పది చదివి ఒకటి రాసేవాణ్ణి. ఆయన ఏదీ చదవకుండానే పేరు సంపాదించాడు.

చివరికి ఏం చేశాడు? నా స్థానంలో టేపు రికార్డరు పెట్టించి, నన్ను ఇంటికి పంపించాడు. వీడ్కోలు సభలో చేపలు పట్టే గాలపుకర్ర ఇచ్చాడు. జన్మలో నేను చేప పట్టలేదని ఆయనకి తెలుసు.

ఇప్పుడు ఆ గోడమీద ఇత్తడి అక్షరాలతో ఆయన పేరు. అది ఎక్కకుండా ఆపడానికి నేనేమైనా చెప్తాను, ఎక్కడికైనా వెళ్ళి చెప్తాను. రాసి పెట్టుకో.

ఆర్లిస్ ప్రూయెట్


గిల్‌మర్
6 మార్చి 2015

అన్నయ్యా,

నీ విషం రెండు కాగితాల నిండా ఉంది. ఇంత ద్వేషం మోసుకుంటూ డెబ్బైతొమ్మిదేళ్ళు ఎలా బతికావో దేవుడికే తెలియాలి.

నీ లెక్కన ఆయన ఒక రాక్షసుడు. నీకు ఆయన గురించి ఏమీ తెలియదు. నలభైఆరేళ్ళు ఆయన నా ఎదురుగా కూర్చుని అన్నం తిన్నాడు. నువ్వు ఆయన మాటలు దించావు. నేను ఆయన మొహం చూశాను.

ఆ మార్చి రోజు మధ్యాహ్నం కూడా ఎప్పటిలాగే భోజనానికి ఇంటికొచ్చాడు. బటర్ బీన్సు, కేట్‌ఫిష్ వేపుడు. ఏదీ ముట్టలేదు. తీపి తింటాడేమోనని పెకాన్ పై ముక్క ముందుపెడితే పళ్ళెం అవతలికి నెట్టాడు. "ఒనీటా, ఇవాళ నా నోటంట రాకూడని మాట వచ్చింది" అన్నాడు. ఎన్నికల గురించి, జ్యూరీలో మిగిలిన ఆ ఇద్దరి గురించి ఏమన్నాడో నాకు చెప్పాడు. తల ఎత్తలేదు. నా మొగుడు సిగ్గుపడ్డం నేను రెండేసార్లు చూశాను, అందులో అదొకటి. మధ్యాహ్నం మూడింటికి మళ్ళీ కోర్టుకి వెళ్ళలేక, ఒంట్లో బాగాలేదని గంట ఆలస్యంగా వెళ్ళాడు. రాక్షసుడికి అన్నం సయించకపోవడం ఎక్కడైనా విన్నావా?

ఇంకోటి కూడా చెప్పాడు, విను. హాల్లో చలికి పెట్టిన వేడి గొట్టాలు మండిపోతున్నాయి, కళ్ళద్దాలకి ఆవిరి పట్టింది. తుడుచుకుందామని తీశాడు. అంతే. కిందికి చూస్తే నీ చేతులు అప్పటికే ఒళ్ళో ఉన్నాయిట. "ఆర్లిస్ చేతులు మీటల మీదే ఉంటే ఆ మాట మింగేసేవాణ్ణి. ఒళ్ళో కనిపించాయి. సరే, ఎవరూ రాయడం లేదు కదా అనిపించింది" అన్నాడు. ఆయన నీకు సైగ చెయ్యలేదు. చెప్పకముందే చేతులు తీసేసిన ఘనత నీది.

ఆయన్ని నిందించే ముందు నీ చేతులు చూసుకో.

ఒనీటా


పాయింట్ క్లెమెంట్
14 మార్చి 2015

ఒనీటా,

అది అబద్ధం. నీది కాదు, ఆయనది. ఆవిరికి తుడుచుకునేవాడు కళ్ళద్దాలు చేతిలో పట్టుకుంటాడు. ఆయన బల్లమీద పెట్టాడు, కాడలు నావైపు ఉండేలా. పదకొండేళ్ళలో వందసార్లు చూశాను. తుడుచుకోవడం వేరు, పెట్టడం వేరు. ఆ తేడా నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? భార్య ముందు కూర్చుని, తప్పులో సగం బావగారి ఒళ్ళో పడేశాడు. సిగ్గు కాదది, తెలివి.

వారం రోజులుగా కళ్ళు మూసుకుని ఆ హాలు చూస్తున్నాను. వేడి గొట్టాలు మండిన మాట నిజమే. జేబులోంచి రుమాలు తీశాడా అంటే తీశాడనిపిస్తుంది, తియ్యలేదనిపిస్తుంది. అది వదిలెయ్.

అసలు సంగతికి వస్తాను. ఆయన ఆ మాటన్నాడని నీకు తెలుసు. నీ చేత్తో రాశావు కూడా. నన్ను ఎవరూ నమ్మరు. ఆ సంతకం ఉంది, ఆయనతో నా పగ ఊరంతా ఎరుగును. నిన్ను నమ్ముతారు. భర్త పేరు భవనానికి పెట్టబోతుండగా వచ్చి, ఆయనకి వ్యతిరేకంగా చెప్పిన భార్యని ఏ జడ్జీ కాదనలేదు. ఏప్రిల్ పదహారున రా. బస్సు టిక్కెట్టు పంపిస్తాను. ఆయన ఏమన్నాడో చెప్పు. పళ్ళెం నెట్టేశాడని చెప్పు, సిగ్గుపడ్డాడని చెప్పు, నీకు తృప్తిగా ఉంటుంది. కళ్ళద్దాల సంగతి, నా చేతుల సంగతి మాత్రం ఎత్తకు. అది కేసుకి అవసరం లేదు.

మబ్రీ ఆ హత్య చేశాడో లేదో నాకు తెలియదు. చేసే ఉండొచ్చు. నాకు తెలిసిందల్లా, తేల్చాల్సిన పన్నెండుమందిని ఎలా పోగు చేశారో అది.

ఆర్లిస్


గిల్‌మర్
23 మార్చి 2015

ఆర్లిస్,

ఆ చివరి మాట చదివి నవ్వాను. ఈ ఏడాది నేను నవ్వింది అప్పుడే. నా చేతుల సంగతి ఎత్తకు! నీకు కావలసినంతే రికార్డులో ఉండాలి, మిగతాది తీసెయ్యాలి. ముసలితనంలో కూడా ఆ పని మానలేదన్నమాట.

నేను రాను. అలాంటి మాటేదీ ఆయన అనలేదు. ఒంట్లో బాగాలేక వచ్చిన మనిషి ఏదో గొణిగాడు. నీ ఉత్తరం చూసిన కోపంలో నేనేదో రాశాను. అడిగితే అదే చెప్తాను.

మొన్న గురువారం రాష్ట్రం తరఫు లాయరు ఇంటికొచ్చాడు. మర్యాదస్తుడు. తియ్యటి ఐస్ టీ రెండు గ్లాసులు తాగాడు. "మీ అన్నగారికి జడ్జిగారి మీద ఏమైనా మనసులో ఉందామ్మా?" అని అడిగాడు. మనసులో ఎందుకు, కాగితం మీదే ఉందని చెప్పి, నీ ఫిబ్రవరి ఉత్తరాలు రెండూ తెచ్చి చేతిలో పెట్టాను. గాలపుకర్ర దగ్గరికి వచ్చేసరికి ఆయన పెదవులు బిగబట్టుకున్నాడు. "నేనేమైనా చెప్తాను" అన్న చోట పెన్సిలుతో గీత గీశాడు. "ఇది చాలమ్మా" అన్నాడు.

రాసి పెట్టుకోమన్నావుగా. వాళ్ళు పెట్టుకున్నారు.

ఒనీటా


పాయింట్ క్లెమెంట్
19 ఏప్రిల్ 2015

ఒనీటా,

నువ్వు రాలేదు కాబట్టి జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. ఈసారి దేన్నీ తీసెయ్యలేదు.

పొద్దున నా సాక్ష్యం బాగానే నడిచింది. మబ్రీ లాయరు వాస్ అడిగాడు, చెప్పాను. తరవాత నీ మర్యాదస్తుడు లేచాడు. మొదట ఆ ఆఖరి పేజీ చూపించి "ఈ సంతకం మీదేనా? సత్యము, సమగ్రము అంటే అర్థం తెలుసా? అప్పుడు ప్రమాణం చేసి అబద్ధమాడారా, ఇప్పుడా?" అన్నాడు. "అప్పుడే" అన్నాను. "ఒకసారి అలవాటైంది కదండీ" అన్నాడు. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. తరవాత నా ఉత్తరం తీశాడు. మిషను, కార్న్‌బ్రెడ్, గాలపుకర్ర, అన్నీ చదివాడు. నా వాక్యాలు ఆ గొంతులో ఎంత నీచంగా వినిపించాయో చెప్పలేను. "ఆపడానికి నేనేమైనా చెప్తాను" అని చదివి, ఆ కాగితం బల్లమీద పెట్టి కూర్చున్నాడు. జడ్జి నావైపు చూడ్డం మానేసి కాగితాలు సర్దుకుంటోంది. ఆ వాలకం నాకు తెలుసు. ముప్పైఏళ్ళు ఆ పక్కన కూర్చున్నవాణ్ణి. మబ్రీ పని అయిపోయిందని అర్థం.

నువ్వు మార్చి ఆరున రాసిన ఉత్తరం అప్పుడు నా కోటు లోపలి జేబులో ఉంది. వాస్‌కి చూపించలేదు. ఎందుకు చూపించలేదని అడుగుతావు. నిన్ను కాపాడ్డానికి అనుకోకు. అందులో నా చేతులున్నాయి. నా మాట మీదే గెలుస్తానులే అనుకున్నాను. ఒక మనిషి ప్రాణం పణంగా పెట్టి అలా అనుకున్నాను.

వాస్ లేచి, "ఈ ఉత్తరం మీ చెల్లెలి ఉత్తరానికి జవాబు కదా. దీనికి ఆవిడ తిరిగి రాసిందా?" అన్నాడు. ఊరికే అడిగాడు, చీకట్లో రాయి. రాసిందన్నాను. "ఆ ఉత్తరం ఏమైంది?" నేను మాట్లాడలేదు. అరనిమిషం ఉండొచ్చు. అది రికార్డులో కనిపించదు, మౌనాన్ని దించడానికి మీట లేదు. జడ్జి తలెత్తి, "ప్రూయెట్ గారూ, మిమ్మల్నే" అంది. జేబులోంచి తీసి ఇచ్చాను.

నీ మర్యాదస్తుడు ఒక్క ఉదుటున లేచాడు. మొగుడూ పెళ్ళాల మధ్య మాటలు కోర్టులోకి లాగకూడదన్నాడు. "ఆవిడే తన చేత్తో అన్నకి రాశాక అవి ఇద్దరి మధ్య మాటలు ఎలా అవుతాయండీ? పైగా సగం ఉత్తరాలు చదివింది మీరు. మిగతా సగం మేము వినొద్దా?" అంది జడ్జి. నన్నే పైకి చదవమంది. చదివాను. పళ్ళెం, ఎన్నికలు, ఆవిరి, నా ఒళ్ళో చేతులు. అక్కడ గొంతు తగ్గించి గబగబా చదివేస్తే, "మళ్ళీ చదవండి, స్టెనోకి వినపడలేదు" అంది.

భోజనానికి లేచినప్పుడు మబ్రీని నా కుర్చీ పక్కనుంచి తీసుకెళ్ళారు. జుట్టంతా నెరిసిపోయింది. ఒక్క క్షణం ఆగాడు. "అప్పుడు మీరు ఆ మాటకి నాకంటే దగ్గరగా కూర్చున్నారు సార్" అన్నాడు. గార్డు ముందుకి తోశాడు.

ఇరవైతొమ్మిదో తారీకున నిన్ను పిలుస్తారు. సమన్లు ఈ ఉత్తరం కంటే ముందే వస్తాయి. ఆ రాత నీది కాదంటావో, నీదే గాని అబద్ధమంటావో, నీ ఇష్టం. అలా అన్నావంటే ఆ మనిషి చస్తాడు. అంతకంటే నాకు చెప్పడం రాదు.

ఆర్లిస్


గిల్‌మర్
2 మే 2015

ఆర్లిస్,

సగం చచ్చి తిరిగొచ్చాను. నువ్వు వరండాలో నిలబడ్డావని చూశాను. నేను కావాలనే అటు తిరగలేదు.

రాష్ట్రం లాయరు ముందురోజు ఫోను చేసి ఎంతో నెమ్మదిగా, "అమ్మా, ఇరవైమూడేళ్ళు అయింది. ఆయనకి నిజంగానే ఒంట్లో బాగాలేదేమో. మీరు దుఃఖంలో, కోపంలో ఏదో ఊహించి రాసి ఉండొచ్చు. అలా చెప్తే ఎవరూ మిమ్మల్ని తప్పుపట్టరు" అన్నాడు. అలాగే బాబూ అన్నాను. అలాగే చెప్దామని నీలం గౌను వేసుకుని వెళ్ళాను. డాసెట్ భార్య నాతో కార్లో వచ్చింది. దారంతా నా చెయ్యి పట్టుకుంది.

నేను లోపలికి వెళ్ళగానే ఆ మబ్రీ లేచి నిలబడ్డాడు. ఆడమనిషి వస్తోందని లేచాడు. గార్డు భుజం నొక్కి కూర్చోబెట్టాడు. నాకు అది నచ్చలేదు. ఎవరి మర్యాద నచ్చలేదో నన్ను అడక్కు.

రాత నాదేనన్నాను. ఊహించి రాశారా అని ఆ లాయరు అడిగాడు. అవునని చెప్పడానికి నోరు తెరిచాను. అప్పుడు అన్నాడు, "అయితే జడ్జిగారు సిగ్గుపడటం, తినకపోవడం, అవన్నీ మీరు అనుకున్నవే కదమ్మా?"

దాని దగ్గర నా నోరు తిరగలేదు. ఆయన ఆ మాట అనలేదని చెప్పాలంటే ఆయన సిగ్గుపడలేదని కూడా చెప్పాలి. ఆ రెండూ ఒకే పళ్ళెంలో ఉన్నాయి. ఆ మధ్యాహ్నం ఆయన తల దించుకోవడం నా జీవితంలో నేను చూసిన... నీకెందుకు అదంతా. "నా మొగుడు ఎందుకు తినలేదో నాకు తెలుసు బాబూ" అన్నాను. అన్నీ చెప్పాను. నీ చేతులతో సహా. ఆ ముక్క రెండుసార్లు చెప్పాను, జడ్జి అడక్కపోయినా.

తిరిగొచ్చేటప్పుడు డాసెట్ భార్య తన అక్క కార్లో వెళ్ళింది. నేను బస్సులో వచ్చాను.

ఒనీటా


పాయింట్ క్లెమెంట్
28 జూలై 2015

ఒనీటా,

తీర్పు నిన్న వచ్చింది. అరవైనాలుగు పేజీలు. శిక్ష కొట్టేశారు, నేరనిర్ణయం కూడా కొట్టేశారు. రాష్ట్రం నాలుగు నెలల్లో కొత్త జ్యూరీతో మళ్ళీ విచారణ జరపాలి, లేదా వదిలెయ్యాలి.

నలభైఒకటో పేజీ జతపరుస్తున్నాను. నీ గురించి, "చెప్పడం వల్ల తనకు నష్టమే తప్ప లాభం లేని ఈ సాక్షిని కోర్టు సంపూర్ణంగా విశ్వసిస్తున్నది" అని ఉంది. దాని కిందే నా గురించి: "ప్రూయెట్ సాక్ష్యం ద్వేషంతో నిండినది. అది ఒక్కటే ఉన్నట్లయితే కోర్టు దానిని నమ్మి ఉండేది కాదు. సైగ జరిగినా జరగకపోయినా, రికార్డు నుంచి చేతులు తీసినది ఇతడే." వాక్యం బాగుంది. కర్తా క్రియా సరిగ్గా కుదిరాయి. నేను దిద్దడానికి అందులో ఏమీ లేదు. పదిసార్లు చూశాను.

నేను చెప్పింది నిజం. ప్రతి అక్షరం నిజం. అయినా ముద్దాయి బతికింది నా నిజం వల్ల కాదు. నీ మొగుడి అజీర్తి వల్ల.

ఆ గోడమీద మీ ఆయన పేరు సంగతి విన్నాను. జాలిపడ్డానని రాయను. నువ్వు నమ్మవు.

ఆర్లిస్


గిల్‌మర్
15 సెప్టెంబరు 2015

ఆర్లిస్,

నీ నలభైఒకటో పేజీ అందింది. నాకొద్దు, తిప్పి పంపిస్తున్నాను. నీ దగ్గరే ఉంచుకుని చదువుకో, నీకు పుస్తకాలంటే ఇష్టం కదా.

ఆయన పేరు తీసేశారు. ఇప్పుడు ఆ భవనాన్ని కొత్త భవనం అంటున్నారు, అంతే. ఇత్తడి అక్షరాలు ఒక డబ్బాలో వేసి ఇంటికి పంపించారు. డాసెట్ భార్య చర్చిలో ఆ చివర బెంచీకి మారింది. ఎదురుపడితే నా టోపీ వైపు చూసి మాట్లాడుతుంది.

రాష్ట్రం అప్పీలుకి పోలేదు. విచారణ మళ్ళీ నవంబరులో పెట్టారు, ఈసారి మరణశిక్ష అడగరట. అందాకా మబ్రీని మన కౌంటీ జైలుకి తెచ్చారు, మా ఇంటికి మూడు వీధుల అవతల. ఆదివారం జైలు వాళ్ళకి భోజనం పంపే వంతు చర్చి ఆడవాళ్ళది. పోయిన వారం వంతు నాది. ఎవరినైనా మార్చుకోమంటే ఎవరూ ముందుకి రాలేదు. వాళ్ళు నాతో మాట్లాడితే కదా.

కోడి వేపుడు, బటర్ బీన్సు పట్టుకెళ్ళాను. తొమ్మిదిమంది ఉన్నారు. మబ్రీ ఆఖర్న వచ్చాడు. చేతికి బేడీ లేకుండా పళ్ళెం పట్టుకోవడం కొత్తనుకుంటాను, రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నాడు. "ఉప్పు సరిపోయిందా?" అన్నాను. ఇంకేం అడగాలో తెలియక. "ఇరవైమూడేళ్ళ తరవాత ఉప్పు ఎక్కువైనా తక్కువైనా బాగానే ఉంటుందమ్మా" అన్నాడు. డాసెట్‌ని చంపావా అని నేను అడగలేదు. ఆయన చెప్పలేదు. నవంబరులో పన్నెండుమంది అడుగుతారు. పళ్ళెం ఖాళీ చేసి, కడిగి మరీ తెచ్చి ఇచ్చాడు. వచ్చే నెల మళ్ళీ నా వంతు, ఈసారి నేను ఎవరినీ మార్చుకోమని అడగను.

ఇది నీకు ఎందుకు రాస్తున్నానంటే, నీకు తెలియాలి కాబట్టి. క్షమించాననుకునేవు, అదేం లేదు. నువ్వు పోయినా నేను రాను, మూడో వరసలోకి కూడా.

ఈ ఉత్తరానికి జవాబు రాయకు. రాశావంటే, ఎవరడిగితే వాళ్ళకి ఇచ్చేస్తాను.

ఒనీటా హార్జిస్